కోడ్ చవక, సరిచూడటం ఖరీదు

కృత్రిమ మేధతో సాఫ్ట్‌వేర్ రాయడం చవకవుతుంది. రాసింది సరైనదేనా అని తేల్చుకునే పని మాత్రం ఖరీదవుతుంది. గిట్‌హబ్ కోపైలట్ అనే ఏఐ కోడింగ్ సాధనంపై జరిగిన ఒక ప్రయోగంలో ప్రోగ్రామర్లకు చిన్న వెబ్ సర్వర్ రాసే పని ఇచ్చారు. ఏఐ సాయం ఉన్నవాళ్లు 55 శాతానికి పైగా త్వరగా ముగించారు. 2025లో మీటర్ అనే పరిశోధన సంస్థ పరీక్షలో ఫలితం తలకిందులైంది. 16 మంది అనుభవజ్ఞులైన ప్రోగ్రామర్లు తమకు బాగా తెలిసిన ప్రాజెక్టుల్లో 246 పనులు చేపట్టారు. ఏఐ వాడిన పనులకు 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. అయినా ఏఐ వల్ల 20 శాతం వేగంగా చేశామని వాళ్లు నమ్మారు. నన్ను కలవరపెట్టేది ఆ నమ్మకమే.

ఈ రెండు ఫలితాలూ పరస్పర విరుద్ధం కావు. ఖాళీ జాగాలో గోడ లేపడం వేరు, జనం కాపురముంటున్న పాత ఇంట్లో గోడ మార్చడం వేరు. పరికరాలు మెరుగవుతున్నాయి, ఆ 19 శాతం పాతబడదా అంటారా? పాతబడవచ్చు. చిన్న కొట్టు యజమాని తన ఖాతా లెక్కల యాప్‌ను ఏఐని తెలుగులో అడిగి చేయించుకోగలగడం నిజంగా గొప్ప మేలే. కానీ ఆ యాప్ బాకీ తప్పుగా చూపితే పట్టుకోగల మనిషి ఉండాలి. మన ఇంజినీరింగ్ కళాశాలలు కోడ్ రాయించడంతో పాటు, ఇతరులు రాసిన కోడ్ చదివి తప్పులు పట్టడం కూడా ఇప్పటినుంచే నేర్పాలి.