ఓడ ఎక్కిన బీరే ఓడ దిగునా?

బెల్జియము ఐరోపాలోని చిన్న దేశము. దాని విస్తీర్ణము 30 వేల చదరపు కిలోమీటర్లకు కొంచెము పైన. ఐనను అచ్చట తయారగు బీరు రకములు అనేకము. 2016లో యునెస్కో ఆ దేశపు బీరు సంస్కృతిని మానవజాతి అమూర్త వారసత్వ పట్టికలో చేర్చినది. ఈ బీర్లు ఆంట్వెర్ప్ వంటి ఓడరేవుల నుండి దూరదేశములకు పోవుచుండును. వారముల తరబడి సముద్రముపై ప్రయాణించి, గిడ్డంగులలో నిలువయుండి, దుకాణము చేరిన సీసాలో ఉన్నది బయలుదేరినప్పటి పానీయమేనా? మారినచో ఆ మార్పు ఎట్టిది? దానిని మన నాలుక నమ్మకముగా పట్టగలదా? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పుటకు జీవశాస్త్రము, రసాయనశాస్త్రము, గణితము మూడును కావలసియున్నవి.

సీసాలో రెండవ కిణ్వనము

బార్లీ గింజలను మొలకెత్తించి ఆరబెట్టినచో మాల్టు అగును. మన ఇండ్లలో రాగిమాల్టు చేయు పద్ధతియు ఇట్టిదే. మాల్టును వేడినీటిలో నానబెట్టినపుడు దానిలోని ఎంజైములు పిండిపదార్థమును చక్కెరలుగా మార్చును. ఆ తియ్యని నీటిని హాప్స్ అను తీగ పూలతో మరిగించి, చల్లార్చి, ఈస్టు కలుపుదురు. ఈస్టు ఏకకణ శిలీంధ్రము. అది చక్కెరను ఆల్కహాలుగను, బొగ్గుపులుసు వాయువుగను విడగొట్టును. దీనినే కిణ్వనము అందురు.

బెల్జియపు ప్రత్యేక బీర్లలో పెక్కింటికి సీసాలో నింపునపుడు మరల కొంత చక్కెర, కొంత ఈస్టు చేర్చుదురు. మూత బిగించిన పిదప సీసాలోనే రెండవ కిణ్వనము జరుగును. 180 గ్రాముల గ్లూకోసు పూర్తిగా పులిసినచో సిద్ధాంతరీత్యా 92 గ్రాముల ఆల్కహాలు, 88 గ్రాముల బొగ్గుపులుసు వాయువు వచ్చును. ఈ లెక్కన లీటరు బీరుకు 6 గ్రాముల గ్లూకోసు చేర్చినచో సుమారు 3 గ్రాముల వాయువు, అనగా సాధారణ పీడనమున దాదాపు లీటరున్నర, పుట్టును. అది బయటికి పోలేక ద్రవములో కరగియుండి, మూత తీయగానే నురుగై పొంగును. అంతేకాక, సజీవమైన ఈస్టు సీసాలో చిక్కుకొన్న ప్రాణవాయువును కూడ గ్రహించును. ఇది ప్రయాణములో బీరునకు కొంత రక్షణ.

జీవము వలన కలుగు మార్పు

ఆగ్నేయ బెల్జియములోని ఓర్వల్ మఠములో 1931లో బీరు కర్మాగారము స్థాపింపబడినది. అచ్చటి బీరునకు సాధారణ ఈస్టుతోపాటు బ్రెటనోమైసీస్ అను మరియొక ఈస్టును చేర్చుదురు. డెన్మార్కులోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలకు చెందిన క్లాసెన్ 1904లో దీనిని గూర్చి వెల్లడించెను. ఇంగ్లాండు బీర్లలో కనబడుటచే దానికి 'బ్రిటిషు శిలీంధ్రము' అను అర్థము గల పేరు వచ్చినది.

సాధారణ ఈస్టు వదలిపెట్టు డెక్‌స్ట్రిన్లను సైతము ఇది మెల్లమెల్లగా తినగలదు. అందుచే నెలలు గడచినకొలది బీరులో తీపి తగ్గి, వాయువు పెరుగును. ధాన్యపు పొట్టునుండి వచ్చు కొన్ని ఆమ్లములు దీని చర్యవలన ఇథైల్‌ఫీనాల్ వంటి పదార్థములుగా మారి, తోలును, గుఱ్ఱపుశాలను తలపించు వాసననిచ్చును. అనేక కర్మాగారములలో ఇది చెడుపుగా లెక్కింపబడును. ఓర్వల్‌లో మాత్రము కోరి తెచ్చుకొన్న గుణము. కనుక మారిన బీరు అంతయు చెడిన బీరు కాదు.

జీవము లేని మార్పులు

ఇక చెడుపు సంగతి. మిగిలిన ప్రాణవాయువు బీరులోని పదార్థములతో చేరి తాజాదనమును హరించును. పాతబడిన బీరులో నానిన అట్టపెట్టె వాసనవంటిది తోచును. దీనికి కారణములలో నోనెనాల్ అను ఆల్డిహైడు ఒకటి. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగినచో ఇట్టి చర్యల వేగము సుమారు రెండు మూడు రెట్లగును. చల్లని నేలమాళిగలో ఏడాది నిలువగల సీసా, ఎండకు కాగిన ఓడపెట్టెలో అంతకాలము నిలువజాలదు.

వెలుతురు మరియొక శత్రువు. బీరులోని రైబోఫ్లేవిన్, అనగా బి-2 విటమిన్, కాంతిని గ్రహించి హాప్స్ చేదు పదార్థములను విచ్ఛిన్నము చేయును. ఆ ముక్కలు గంధకముతో చేరి దుర్గంధమును పుట్టించును. లీటరులో కొన్ని నానోగ్రాములున్నను ముక్కు దానిని పట్టును. నానోగ్రామనగా గ్రాములో నూరుకోట్లవ వంతు. గోధుమరంగు గాజు హానికరమైన కాంతిని చాలవరకు ఆపును, తెల్లగాజు ఆపజాలదు.

నాలుక సాక్ష్యము

దూరమునుండి వచ్చినదనియు, వెల ఎక్కువనియు తెలిసినచో రుచి చూచువాని తీర్పు వంగిపోవును. ఈ పక్షపాతమును తొలగించుటకు 'త్రికోణ పరీక్ష' కలదు. 1940 దశకములో దీనిని వాడుకలోనికి తెచ్చినవారిలో కార్ల్స్‌బర్గ్ వారు ముఖ్యులు. ఒక్కొక్కరికి మూడు గ్లాసులు ఇత్తురు. రెంటిలో ఒకే పానీయము, మూడవదానిలో వేరొకటి. వేరైనదేదో చెప్పవలెను. పేర్లుండవు, అంకెల గుర్తులే ఉండును; ఉష్ణోగ్రత, పరిమాణము సమానముగ నుండును; గ్లాసుల వరుస మనిషి మనిషికి మారుచుండును.

ఏమియు తెలియక ఊహించినను మూడింట ఒకసారి సరియగును. కనుక 12 మందిలో నలుగురు సరిగా చెప్పుట కాకతాళీయమే కావచ్చును. 8 మంది చెప్పినచో మాత్రము అది ఊహవలన సంభవించు అవకాశము నూటికి రెండుకన్న తక్కువ. అపుడు తేడా నిజముగ నున్నదని ఒప్పుకొందురు. ఆ తేడా ఓడప్రయాణమువలన వచ్చినదని తేల్చుటకు, కర్మాగారములోనే చల్లగా, చీకటిలో దాచిన అదేనాటి సీసాతో పోల్చవలెను. అట్టి జత లేనిదే ప్రయాణమును నిందించుటకు ఆధారము లేదు.

ఈ పరీక్షకు మద్యముతో పనిలేదు. తరగతిలో ఉపాధ్యాయులు లీటరు నీటికి 50 గ్రాముల చక్కెరతో ఒకటి, 60 గ్రాములతో మరియొకటి నిమ్మరసపు పానీయములు చేయింపవచ్చును. మొదట విద్యార్థులను 'తేడా తెలియునా?' అని అడిగి జవాబులు వ్రాయించి, పిదప త్రికోణ పరీక్ష జరిపి రెంటిని సరిపోల్చవలెను. తమ నమ్మకమునకును, తమ నాలుక ఇచ్చిన సాక్ష్యమునకును ఎంత దూరమో విద్యార్థులు స్వయముగా లెక్కించి చూతురు.