సైకిల్ కొంటున్నారా? కిడ్నీలనూ గుర్తుంచుకోండి

ఈ మధ్య సంతబొమ్మాళి వైపు నుంచి ఓ పాతికేళ్ల కుర్రాడు మా ఓపీకి వచ్చాడు. కొత్తగా రేసు సైకిల్ కొన్నాడు. తొలిరోజే బాగా ఎండెక్కేదాకా తొక్కాడు. వెంట నీళ్లు లేవు. తొడలు పట్టేస్తే నొప్పి బిళ్లలు కొనుక్కుని మూడు రోజులు మింగాడు. ‘సైకిల్ ఆరోగ్యానికి మంచిదే కదా సార్?’ అని అడిగాడు. మంచిదే. కానీ ఎండ, దాహం, నొప్పి బిళ్లలు... ఈ మూడూ కలిస్తే కిడ్నీలకు ముప్పు. ఉద్దానం పక్కనే ఉన్న మనం దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

ఉద్దానం కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. కారణం తేలేలోగా మన చేతిలో ఉన్నవి మనం చేసుకోవాలి. బీపీ, షుగర్‌ను అదుపులో ఉంచుకోవడం వాటిలో ముఖ్యం. అందుకు సైకిల్ చక్కటి సాయం. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల మోస్తరు వ్యాయామం కావాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు తొక్కితే సరిపోతుంది.

ఎలాంటిది కొనాలి?

హ్యాండిల్ కిందికి వంగి, టైర్లు సన్నగా ఉండే రోడ్ బైక్ నున్నటి తారురోడ్డుపై దూసుకుపోతుంది. గుంతలు, ఇసుక ఉన్న ఊరి దారుల్లో మాత్రం ఇబ్బందే. బాగా ముందుకు వంగి తొక్కాలి కాబట్టి కొత్తవారికి మెడ, నడుము లాగుతాయి. తొలి సైకిల్‌గా నిటారు హ్యాండిల్, 35 నుంచి 40 మిల్లీమీటర్ల టైర్లు ఉన్న హైబ్రిడ్ రకం నయం. రోడ్ బైకే కావాలంటే కనీసం 28 నుంచి 32 మిల్లీమీటర్ల టైర్లు పట్టేది చూసుకోండి.

ధర కంటే ముందు కొలత చూడండి. ఫ్రేము మీద కాళ్లు అటూ ఇటూ వేసి నిలబడితే పై గొట్టానికీ, శరీరానికీ మధ్య రెండు మూడు వేళ్ల సందు ఉండాలి. సీటు మీద కూర్చుని, కిందికి దిగిన పెడల్‌పై మడమ ఆనిస్తే కాలు నిటారుగా రావాలి. సీటు మరీ కిందికి ఉంటే మోకాలి ముందు భాగం నొప్పెడుతుంది. అరచేతులు తిమ్మిరెక్కుతుంటే హ్యాండిల్‌ను కాస్త పైకి జరిపించుకోండి. నౌపడ ఉప్పు మళ్ల వైపు గాలికి ఇనుము ఇట్టే తుప్పు పడుతుంది. అల్యూమినియం ఫ్రేమైనా గొలుసుకు తరచూ నూనె పెట్టాల్సిందే. హెల్మెట్, వెనుక ఎర్ర లైటు ఖర్చును కూడా ముందే లెక్కలో వేసుకోండి.

ఎలా మొదలుపెట్టాలి?

తొలి రెండు వారాలు 15, 20 నిమిషాలు చాలు. పక్కవారితో మాట్లాడగలిగేంత వేగంతోనే తొక్కండి. ఎండెక్కకముందే ఇల్లు చేరండి. బయల్దేరే ముందు నీళ్లు తాగండి. దారిలో పావుగంటకోసారి నాలుగు గుక్కలు తాగండి. ఇప్పటికే కిడ్నీ జబ్బుండి, నీళ్లు తగ్గించమని డాక్టర్ చెప్పినవారు మాత్రం ఆ లెక్కే పాటించాలి. బీపీ, షుగర్, గుండె జబ్బు ఉన్నవారు ముందు పరీక్ష చేయించుకోవాలి. తొక్కేటప్పుడు ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం ఉంటే వెంటనే ఆపేయండి.

నొప్పి బిళ్లలు వద్దు

కొత్తలో కండరాల నొప్పి మామూలే. రెండు మూడు రోజుల్లో అదే తగ్గుతుంది. డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటి మాత్రలు కిడ్నీలకు వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు వేసుకుంటే దెబ్బ మరింత ఎక్కువ. మూత్రం టీ డికాషన్ రంగులో వచ్చినా, బాగా తగ్గిపోయినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి రండి. మరో మాట... బాగా శ్రమపడ్డాక క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ కొంతకాలం పెరిగి కనిపించవచ్చు. కాబట్టి మామూలు పరీక్షకు వచ్చే ముందు రెండు రోజులు సైకిల్‌కు విశ్రాంతినివ్వండి.

ఆ కుర్రాడి క్రియాటినిన్ మామూలుగానే ఉంది. ఇంటికి వెళ్లి సైకిల్ తొక్కుకోమన్నాను. మిగిలిన బిళ్లలు మాత్రం నా బల్ల మీద పెట్టించి పంపాను.