ఫెయిర్‌ఫాక్స్‌లో మన పెరటి చుట్టాలు

మన తెలుగు వాచకాల్లో చెట్ల మీద, పక్షుల మీద తప్పకుండా ఒక పాఠం ఉంటుంది. మామిడి, చింత, వేప, రామచిలుక, కోకిల. మన పిల్లలు ఆ పేర్లన్నీ చక్కగా అప్పజెబుతారు. కాని ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో ఏ కిటికీలోంచి చూసినా వాటిలో ఒక్కటీ కనబడదు. కనబడేవి ఓక్ చెట్లు, ట్యూలిప్ పాప్లర్లు, ఎర్రటి కార్డినల్ పిట్టలు. "దీన్ని తెలుగులో ఏమంటారు మాస్టారూ?" అని పిల్లలు అడుగుతారు. చాలావాటికి తెలుగు పేరు లేదు. అయితే పేరు లేకపోయినా చుట్టరికం ఉంది. ఇంటర్‌లో వృక్షశాస్త్రం జోలికి పోకుండా ఎంపీసీ తీసుకున్న మా బోటి ఇంజనీర్లకు ఈ సంగతి ఆలస్యంగానే తెలిసింది. తెలిశాక పిల్లలకు చెప్పకుండా ఉండలేకపోతున్నాం.

ముందుగా పా-పా చెట్టు సంగతి. పొటోమాక్ నది ఒడ్డున రివర్‌బెండ్ పార్కులో పెద్ద చెట్ల నీడన పొడవాటి, వెడల్పాటి ఆకులతో గుంపులు గుంపులుగా పెరుగుతుంది. ఏప్రిల్‌లో ముదురు మెరూన్ రంగు పూలు పూస్తుంది. వాటి వాసన అంత బాగుండదు. ఈగల్ని, పురుగుల్ని పిలవడానికి ఆ వాసనే కావాలి మరి. ఆగస్టు చివర్లోనో సెప్టెంబరులోనో కాయలు పండుతాయి. పండు విప్పితే మెత్తటి పసుపుపచ్చ గుజ్జు, అందులో నున్నటి నల్లగింజలు. ఒక ముక్క నోట్లో పెట్టుకోగానే మనవాళ్ళెవరైనా చెప్పే మాట ఒకటే: "అరే, సీతాఫలం!" నిజమే, రెండూ ఒకే కుటుంబానికి చెందినవి. ఆ కుటుంబంలో దాదాపు అన్నీ ఉష్ణదేశాల చెట్లే. మంచు పడేచోట బతకడం నేర్చుకున్నది ఈ పా-పా జాతి. ఇంకో చిత్రం ఏమిటంటే, సీతమ్మవారి పేరు పెట్టుకుని మనం సొంతం చేసుకున్న సీతాఫలం పుట్టిల్లు కూడా అమెరికా ఖండాల ఉష్ణప్రాంతమే. అది ఇటునుంచి అటు వచ్చింది, మనం అటునుంచి ఇటు వచ్చాం. సీతాఫలం గింజల్లాగే దీని గింజలూ విషమే, మింగకూడదు. పార్కుల్లో పండ్లు కోయడానికి నియమాలు ఉంటాయి, ముందు అక్కడివాళ్ళను అడగండి.

నలుపు తెలుపు చారలతో, పొడవాటి తోకలతో ఎగిరే జీబ్రా స్వాలోటెయిల్ అనే సీతాకోకచిలుక ఉంది. దాని గొంగళిపురుగు పా-పా ఆకు తప్ప మరొకటి తినదు. చెట్టు కొట్టేస్తే ఆ సీతాకోకచిలుక కూడా పోతుంది.

ఇదే కథ మిల్క్‌వీడ్‌ది. ఇది మన జిల్లేడుకు దాయాది. ఆకు తుంచితే అవే తెల్లటి పాలు, కాయ పగిలితే అదే దూదిపింజ. (ఆ పాలు కంట్లో పడకూడదన్న జాగ్రత్త కూడా అదే.) మన ఊళ్ళలో జిల్లేడు మీద నారింజరంగు సీతాకోకచిలుకలు వాలడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. అవీ, ఇక్కడి మోనార్క్‌లూ డానస్ అనే ఒకే ప్రజాతివి. మోనార్క్ గొంగళి మిల్క్‌వీడ్ ఆకు తిని, అందులోని విషాన్ని తన ఒంట్లో దాచుకుని, పక్షుల బారినుంచి తప్పించుకుంటుంది. వేసవిలో పుట్టిన మోనార్క్ కొన్ని వారాలే బతుకుతుంది. ఆకులు రాలే కాలం ముందు పుట్టిన తరం మాత్రం ఏడెనిమిది నెలలు బతికి, మెక్సికో కొండల్లోని అడవుల దాకా ఎగిరిపోతుంది. అక్కడికి అంతకుముందు ఏడాది వెళ్ళింది దాని తాతముత్తాతలు. దారి చూపేవాళ్ళెవరూ ఉండరు. అయినా ఆ కొండలకే చేరుతుంది. వేలమైళ్ళ దూరంలోని అమ్మమ్మగారి ఊరిని ఫోటోల్లో మాత్రమే చూసిన మన పిల్లలకు ఈ ముక్క చెబితే క్లాసు కాసేపు నిశ్శబ్దమైపోతుంది.

ఆ మోనార్క్‌లు తగ్గిపోతున్నాయి. వాటిని ప్రమాదంలో ఉన్న జాతిగా చట్టం కింద చేర్చాలని అమెరికా వన్యప్రాణి శాఖ 2024 డిసెంబరులో ప్రతిపాదించింది. పొలాల్లో కలుపుమందులు ఒక కారణమైతే, మన పచ్చిక బయళ్ళు మరొకటి. మా మిత్రబృందంలో ఒకరు ముందు పెరట్లో మిల్క్‌వీడ్ వేస్తే, కలుపు మొక్కలు పీకేయమని వాళ్ళ కాలనీ సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. చుట్టూ ఇటుకలు పేర్చి, 'సీతాకోకచిలుకల తోట' అని చిన్న బోర్డు పెట్టాక మళ్ళీ ఉత్తరం రాలేదు. గట్టు కడితే తోట, కట్టకపోతే కలుపు అన్నమాట!

చుట్టాలందరూ మంచివాళ్ళే కానక్కర్లేదు. పాయిజన్ ఐవీ మన మామిడికి, జీడిమామిడికి చుట్టమే. చాకళ్ళు బట్టలకు గుర్తులు పెట్టే నల్లజీడి కూడా దీనికి బంధువే. పచ్చి మామిడికాయ జీడి తగిలి మూతి పొక్కినవాళ్ళకు దీని సంగతి సులభంగా అర్థమవుతుంది. ఒక కాడకు మూడు ఆకులు, మధ్య ఆకుకు తొడిమ పొడుగు, చెట్టెక్కిన తీగకు బొచ్చులాంటి వేర్లు. శరదృతువులో ఎర్రగా మెరుస్తుంది కాబట్టి పిల్లలు ఏరుకోవాలని చూస్తారు. ముట్టుకుంటే వెంటనే సబ్బుతో కడగాలి. ఇది పడనివాళ్ళలో కొందరికి మామిడి తొక్క కూడా పడదట, అది మాత్రం పెద్ద శిక్షే. అయినా అడవిలో ఉన్నదాన్ని పీకనక్కర్లేదు. శీతకాలంలో దాని తెల్లటి పళ్ళు పక్షులకు ఆహారం.

ఫిబ్రవరిలో బురదనేలల్లో స్కంక్ క్యాబేజీ తనంతట తనే వేడి పుట్టించుకుని, చుట్టూ మంచు కరిగించుకుని పైకి వస్తుంది. ఇది కంద, చేమ కుటుంబం. దురద కూడా అదే. ఏప్రిల్‌లో కొమ్మల నిండా గులాబీరంగు పూసే రెడ్‌బడ్, మన దేవకాంచనం ఒక వంశానివి. ఇక్కడి అడవి పెర్సిమన్, మన బీడీ ఆకుల తునికి అన్నదమ్ముల బిడ్డలు. పచ్చికాయ కొరికితే నోరంతా వగరు.

ఇవన్నీ చెబుతుంటే తల్లిదండ్రులు అడిగే ప్రశ్న: అందంగా పూసే మొక్క ఏదైతేనేం? తేడా పురుగుల దగ్గర వస్తుంది. డెలవేర్ విశ్వవిద్యాలయంలో కీటకశాస్త్రం బోధించే డగ్లస్ టాలమీ లెక్కలో, ఈ ప్రాంతపు ఓక్ చెట్ల మీద ఐదువందలకు పైగా జాతుల గొంగళిపురుగులు బతుకుతాయి. చికడీ అనే గుప్పెడంత పిట్ట ఒక్క కాన్పు పిల్లల్ని పెంచడానికి ఆరు నుంచి తొమ్మిది వేల గొంగళిపురుగులు తెచ్చిపెట్టాలి. వీధుల వెంట తెల్లగా పూసే బ్రాడ్‌ఫర్డ్ పేర్ ఆసియా నుంచి వచ్చింది, దాన్ని ఇక్కడి పురుగులు దాదాపుగా ముట్టవు. పురుగు పట్టని చెట్టని మనం మెచ్చుకుంటాం, పిట్టకు మాత్రం అది ఖాళీ వంటిల్లు. దోమల కోసం పెరడంతా మందు కొట్టించినా ఫలితం అదే.

మిల్క్‌వీడ్ వేయదలచుకున్నవాళ్ళకు ఒక మాట. గింజలకు శీతకాలపు చలి తగిలితేనే బాగా మొలుస్తాయి. కాబట్టి నవంబరులో మట్టిమీద చల్లి, పైన పలుచగా మన్ను కప్పి వదిలేయండి. మామూలు మిల్క్‌వీడ్ వేళ్ళతో పాకి తోటంతా ఆక్రమిస్తుంది. టౌన్‌హౌస్ పెరడైతే నారింజ పూల బటర్‌ఫ్లై వీడ్ చాలు. ఎండ బాగా తగలాలి, నీళ్ళు నిలవకూడదు. మొలకలు కావాలంటే స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఎర్త్ సంఘ వారి నర్సరీలో ఈ ప్రాంతపు విత్తనాలతో పెంచినవి దొరుకుతాయి. జూన్, జూలైల్లో ఆకులకు చిల్లులు పడితే మందు వెతక్కండి, ఆకు తిరగేసి చూడండి.