కత్తిపీట కింద తోట

పూసినా గింజ లేదు,
కోసినా చావు లేదు,
ఉడికిస్తేనే ఊపిరి పోతుంది.

ఈ పొడుపు కథ మీ అమ్మమ్మ చెప్పి ఉండదు, ఈ వ్యాసం కోసమే కట్టాను. విడుపు వంటింట్లోనే ఉంది: పసుపు.

పసుపు మొక్క చక్కగా పూస్తుంది, కానీ గింజ కట్టడం బహు అరుదు. దాని కణంలో క్రోమోజోములు మూడు వరసలు, మొత్తం 63. గింజ కట్టాలంటే వాటిని ముందుగా సమానంగా రెండు వాటాలు వేయాలి. మూడు వరసలను రెండు సరి వాటాలు చేయడం ప్రకృతి వల్ల కూడా కాదు. అందుకని పసుపు తన వంశాన్ని మనిషి చేతిలో పెట్టింది. కొమ్ము విరిచి పాతితే మొలుస్తుంది. అలా మొలిచింది పాత మొక్కకు బిడ్డ కాదు, ఆ మొక్కే. మన ముత్తాతలు పాతిన పసుపే ఇంకా బతుకుతూ మన కూరలోకి వస్తోందంటే అతిశయోక్తి ఏమీ లేదు. అయితే కిరాణా కొట్లో దొరికే ఎండు కొమ్మును కుండీలో పాతి ఎదురుచూడకండి. ఎండబెట్టే ముందు దాన్ని ఉడకబెడతారు, ప్రాణం అక్కడే పోతుంది. పచ్చి కొమ్ము కావాలి.

కత్తిపీట కింద రాలే తుక్కులో ఏది బతుకుతుందో, ఏది కుళ్ళుతుందో తెలుసుకోవడానికి ఒకే ప్రశ్న చాలు: ఇందులో మొగ్గ ఉందా? బీరకాయ తొక్క ఎన్నాళ్ళు నీళ్ళలో ఉంచినా మొక్క కాదు. అల్లం ముక్క అవుతుంది. అల్లం వేరు కాదు, నేలలో అడ్డంగా పాకే కాండం. దాని మీది బుడిపెలు మొగ్గలు. ఆలుగడ్డా కాండమే, దాని గుంటల్లో మొగ్గలు నిద్రపోతుంటాయి.

మన్ను కప్పితే కన్ను తెరుస్తుంది,
వెలుగు తగిలితే విషం పడుతుంది.

ఆలుగడ్డ ఎండ తగిలి పచ్చబడిందంటే సొలనిన్ అనే విషం కూడా పెరిగి ఉంటుంది. ఆ గడ్డ కూరకు పనికిరాదు, కుండీకి పనికొస్తుంది. మా ఖమ్మం వైపు వైరాలో అయితే చలి మొదలయ్యే కార్తీకంలో పెట్టాలి, రాత్రులు చల్లబడితేనే అది కొత్త గడ్డలు కడుతుంది.

ఉల్లిగడ్డలో కాండం ఏది? వేళ్ళ పైన బిళ్ళలా గట్టిగా ఉండేది అంతే. మనం తినే పొరలన్నీ ఆకుల అడుగు భాగాలు. ఆ బిళ్ళను వేలెడు మందాన కోసి తడి మట్టి మీద కూర్చోబెడితే, లోపలి మొగ్గలు పచ్చని కాడలు తోస్తాయి. ఎల్లిగడ్డ రెబ్బ ఇంకా తేలిక, రెబ్బ మొత్తం ఒక మొగ్గే.

కందది మరో కథ. వైరా మీదుగా పోయే రాజమండ్రి రోడ్డు సత్తుపల్లి, అశ్వారావుపేట దాటి గోదావరికి చేరేచోట కొవ్వూరు ఉంది. గజేంద్ర అనే కంద రకం అక్కడి పరిశోధన స్థానం నుంచే వచ్చింది, దురద తక్కువ. కందకు లేని దురద కత్తిపీటకెందుకన్నారు గానీ, ఆ దురదకు కారణం గడ్డ నిండా ఉండే కాల్షియం ఆక్సలేట్ సూదులు, కంటికి కనిపించనంత చిన్నవి. గడ్డ నడినెత్తిన ఉండే మొగ్గ భాగాన్ని కూరలో వేయరు, కోసి పారేస్తారు. పారేసేదే అసలు విత్తనం. రైతు గడ్డను ముక్కలు కోసేటప్పుడు ప్రతి ముక్కకూ ఆ నడినెత్తి భాగం కొంచెమైనా వచ్చేలా చూస్తాడు.

కోస్తే మొగ్గ ఎందుకు మేల్కొంటుంది? కొమ్మ కొసన ఉన్న మొగ్గ ఆక్సిన్ అనే హార్మోను తయారుచేసి కిందికి పంపుతుంది. అది వస్తున్నంతసేపూ కింది మొగ్గలు ఇంటి పెద్ద ముందు పిల్లల్లా కిక్కురుమనవు. కొస తెగిందా, ఒక్కొక్కటీ గొంతు విప్పుతుంది. 1920లలో హాలండ్‌లో ఫ్రిట్స్ వెంట్ ఓట్స్ మొలకల మీద ప్రయోగాలు చేసి ఈ పదార్థం జాడ పట్టాడు.

అదే ఆక్సిన్ పొదీనా కాడకు వేళ్ళు తెప్పిస్తుంది.

మెడదాకా మునిగితే మురిగి చస్తుంది,
మోకాలు మునిగితే కాళ్ళొస్తాయి.

మోకాలంటే కణుపు. పై నుంచి దిగే ఆక్సిన్ కోసిన చోట ఆగి పోగవుతుంది, దగ్గరి కణుపులో వేరు పుడుతుంది. ఆకులు నీళ్ళలో మునిగితే కుళ్ళుతాయి కాబట్టి కింది రెండు మూడు జతలు తుంచేయాలి. బచ్చలి కాడకూ ఇదే పద్ధతి. కాడను తలకిందులుగా పెట్టినా ఆక్సిన్ దారి తప్పదు, మొదలు వైపుకే పోతుంది. అందుకే వేళ్ళు కూడా మొదలు వైపే వస్తాయి.

భద్రాచలం, కొత్తగూడెం వైపు నుంచి వైరా దాకా ఈ ప్రాంతమంతా వేసవిలో ఎలా కాలుతుందో ఇక్కడివాళ్ళకు చెప్పనక్కర్లేదు. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో కాడలు పెట్టిన నీళ్ళ గ్లాసును కిటికీ ఎండలో పెట్టొద్దు. వెచ్చని నీళ్ళలో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది, లేత వేరుకు ఊపిరాడదు. నీడన పెట్టి రోజూ నీళ్ళు మార్చండి. అల్లం, పసుపు మాత్రం మృగశిర చినుకుల దాకా పొడి ఇసుకలో దాచి అప్పుడు పాతడం మేలు.

ఈ శాస్త్రంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం క్యారెట్‌ది. మొక్కలోని ఏ ఒక్క కణం నుంచైనా పూర్తి మొక్కను పెంచవచ్చని 1902లో హేబర్‌లాంట్ అన్నాడు. ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు. అతను పెంచిన కణాలు బతికాయి గానీ విభజన చెందలేదు. ఆ మాట నిజమని చూపడానికి అర్ధశతాబ్దం పైనే పట్టింది. 1958లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో స్టీవర్డ్ బృందం క్యారెట్ దుంప కణజాలాన్ని సీసాల్లో పెంచింది. ఆ కణాలు పిండాల్లాంటి ముద్దలు కట్టి, వేళ్ళు వేసి, మొక్కలయ్యాయి. వాళ్ళు పోసిన ద్రవంలో కొబ్బరి నీళ్ళున్నాయి! మన పూజగదిలో పగిలే కాయలో నీళ్ళు కణాలను విభజన వైపు నడిపే సైటోకైనిన్ల నిధి. అంతకు ముందు ఏడాదే స్కూగ్, మిల్లర్ ఇద్దరూ పొగాకు కణజాలంతో ఇంకో ముడి విప్పారు. ఆక్సిన్ పాలు ఎక్కువైతే వేరు, సైటోకైనిన్ పాలు ఎక్కువైతే చిగురు. ఈ రోజు రైతులు నాటే టిష్యూకల్చర్ అరటి పిలకలు ఆ లెక్క మీదే పుడుతున్నాయి.

ఇంట్లో మాత్రం క్యారెట్ తల నీళ్ళలో పెడితే ఆకులే వస్తాయి, దుంప రాదు. దుంప అంటే వేరు, అది విత్తు నుంచి ఒక్కసారే దిగుతుంది.

గింజల సంగతి రెండు మాటల్లో. ధనియం ఒక్క గింజ కాదు, రెండు గింజల కాయ, మెల్లగా నలిపి రెండు బద్దలుగా చల్లాలి. ఖమ్మం మార్కెట్ మిర్చి ఎండలో ఎండినా దాని గింజ బతికే ఉంటుంది, వేయిస్తే పోతుంది. కానీ తల్లి సంకరమైతే పిల్ల మొక్కలు తలోరకంగా వస్తాయి. బంగినపల్లి టెంకా అంతే, మొలుస్తుంది గానీ ఆ రుచే వస్తుందన్న హామీ లేదు. అంటు కట్టేది అందుకే. కుండీకి ఏ మట్టి కలపాలో అనుమానం వస్తే, వైరాలోనే కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, వెళ్ళి అడగండి.