విందు ఒప్పందము వ్రాసికొను విధము

యాసంగి వరి కోసి, వడ్లు తూకము వేసి, పైకము చేతికి వచ్చిన పిమ్మట మన వర్ని ప్రాంతపు గ్రామములలో పెండ్లిండ్లు మొదలగును. పూర్వము పెండ్లియింటివారే బియ్యము, పప్పు, నేయి సమకూర్చి, వంటవానికి కూలి మాత్రమే యిచ్చుచుండిరి. ఇప్పుడు విస్తరికింత యని ధర మాటలాడి, సరకులు, వంట, వడ్డన యన్నియు కేటరింగు గుత్తదారునకే అప్పగించుచున్నారు. ఈ వృత్తిని స్వయముగా చేపట్టిన రైతు కుటుంబములును, మహిళా పొదుపు సంఘములును కూడ గలవు. కావున ఈ సంగతి విందు పెట్టువారికెంత యవసరమో వండువారికిని అంతే యవసరము.

మొన్నటి వేసవిలో నేనొక పెండ్లికి పోయితిని. గ్రామము పేరు చెప్పను. 400 విస్తళ్లకు, విస్తరి ఒక్కింటికి 250 రూపాయల చొప్పున, నోటిమాటగా బేరము కుదిరినది. బయానా 30,000 రూపాయలు. భోజనములైన పిమ్మట గుత్తదారుడు 520 విస్తళ్లు లేచినవనెను. పెండ్లికూతురి తండ్రి 430 మించలేదనెను. తేడా 90 విస్తళ్లు, అనగా 22,500 రూపాయలు. ఇద్దరిలో నెవరును అబద్ధమాడలేదని నా నమ్మకము. గుత్తదారుడు బ్యాండుమేళమువారిని, కార్లు నడుపువారిని, ఫొటోలు తీయువారిని, రెండు విస్తళ్లు మార్చిన పిల్లలను సైతము లెక్కించెను. తండ్రి తాను పిలిచిన బంధువులను మాత్రమే లెక్కించెను. అప్పగింతల వేళ పందిరిలో గొడవ! పెద్దమనుష్యులు మధ్య మొత్తమొకటి కుదిర్చిరి గాని, వరుసకు అన్నదమ్ములైన ఆ యిద్దరికిని నేటికిని మాటలు లేవు.

బోధను శక్కరనగరులో 1937లో స్థాపింపబడి, 2015 డిసెంబరులో మూతబడిన చక్కెర కర్మాగారమునకు చెరకు తోలిన పెద్దలు మనలో ఇంకను ఉన్నారు. బండిలోని చెరకు రైతు కంటికొక విధముగను, కొనువాని కంటికొక విధముగను తోచును. కాటా చెప్పినదే లెక్క. విందునకు కాటా విస్తరి లెక్కయే. ఒప్పంద పత్రమున మిగిలిన షరతులెన్ని యున్నను, ఈ లెక్క యెట్లు తీయవలెనో వ్రాయనిచో తగవు తప్పదు.

నోటిమాటయు ఒప్పందమే యని 1872వ సంవత్సరపు భారత ఒప్పందముల చట్టము చెప్పుచున్నది. 18 ఏండ్లు నిండి, స్థిరబుద్ధి గలవారు, బలవంతము గాని మోసము గాని లేక, న్యాయమైన ప్రతిఫలమునకు అంగీకరించిన చాలును. చిక్కు రుజువునందున్నది. పైన చెప్పిన తగవులో సాక్షులకు కొదువ లేదు. ప్రతి సాక్షియు తన పక్షపు లెక్కనే చెప్పెను.

విస్తళ్ల షరతును ఈ మాదిరి వ్రాసికొనవచ్చును: "విస్తళ్లు 400కు తక్కువ కాకుండ లెక్కకట్టబడును. తుది సంఖ్యను విందునకు మూడు దినములు ముందుగా యజమాని తెలుపవలెను. ఆ సంఖ్యపై నూటికి పది వరకు హెచ్చినచో అదే ధర. అంతకు మించిన విస్తళ్లకు 300 రూపాయలు. అయిదేండ్లలోపు పిల్లలకు లెక్క లేదు. మేళమువారు, డ్రైవర్లు లెక్కలో చేరుదురు; గుత్తదారుని పనివారు చేరరు." మూడు దినములు ఏలయనగా, గుత్తదారుడు నిజామాబాదు బజారుకు పోయి పప్పు, నూనె, కూరగాయలు కొనవలసినది అప్పుడే. కొన్న పిమ్మట సంఖ్య తగ్గించిన నష్టము అతనిది; చెప్పక పెంచినచో చివరి పంక్తి ఆకలితో లేచును. ఈ రెంటిలో దేనిని ఎవరు భరింపవలెనో ముందే తేల్చుటకే కనిష్ఠ సంఖ్యయు, హెచ్చు ధరయు.

లెక్క తీయుట సులభము. వడ్డనకు ముందు ఆకుల కట్టలను ఉభయుల మనుష్యులు చెరియొకరు నిలిచి లెక్కింపవలెను. పంక్తులన్నియు లేచిన పిమ్మట మిగిలినవానిని తీసివేయవలెను. నిలుచుండి తిను బఫే పద్ధతిలో పళ్లెములను కడిగి మరల వాడుదురు గనుక ఈ లెక్క పనికిరాదు. అచ్చట చీటీలే శరణ్యము. ప్లాస్టిక్ పళ్లెములు, గ్లాసులు, చెంచాలు 2022 జూలై 1 నుండి నిషిద్ధములని కూడ మరువరాదు.

వంటకముల పేర్లు విడివిడిగా వ్రాయవలెను. నిజాంసాగరు కాలువ క్రింద భూములు కొని కృష్ణా, గుంటూరు ప్రాంతములనుండి వచ్చి స్థిరపడినవారును, స్థానికులును ఇచ్చట కలిసి యున్నారు. "తీపి ఒకటి" యని వ్రాసినచో ఒకరు బూరెలనుకొందురు, మరియొకరు డబుల్‌కా మీఠా యనుకొందురు. మాంసమునకు తలకెన్ని గ్రాములో, పచ్చిమాంసమా వండినదా యనునదియు వ్రాయుట మంచిది. మాంసము తూకమే నేను చూచిన తగవులలో రెండవది. నీరు, గ్యాసు, షామియానా, ఎంగిలాకులెత్తుట ఎవరి భారమో ఒక్క వాక్యమున తెమలును.

వేళను గురించి యొక పాత వ్యాజ్యము చెప్పెదను. ఇంగ్లండులో గ్లాస్టరు పట్టణపు పిండిమర యిరుసు విరిగినది. క్రొత్తదానికి నమూనాగా దానిని గ్రీనిచ్‌కు చేర్చుటకు రవాణావారికిచ్చిరి. వారు జాగు చేసిరి, మర నిలిచిపోయినది. మర నిలిచిన నష్టము మాకియ్యుడని యజమానులు దావా వేసిరి. ఇరుసు లేనిదే మర ఆడదను విశేషము రవాణావారికి తెలుపబడలేదని యెంచి, 1854లో న్యాయస్థానము ఆ నష్టమును వారిపై మోపలేదు. మన చట్టపు 73వ సెక్షనునందును ఇదే సూత్రము గలదు. కనుక "పగలు భోజనము" అనుట చాలదు. "మగపెండ్లివారు ఒంటిగంటకు బస్సులో బయలుదేరవలెను గనుక తొలి పంక్తి 11 గంటలకు" అని వ్రాసికొనుడు. తెలిసియు ఆలస్యము చేసినవాడు దాని ఫలమును భరింపవలసి యుండును.

2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌను వచ్చినప్పుడు కుదిరిన ముహూర్తములెన్నియో ఆగిపోయెను. పని అసాధ్యమైనచో ఒప్పందము రద్దగునని 56వ సెక్షనును, పుచ్చుకొన్న లాభమును తిరిగి యీయవలెనని 65వ సెక్షనును చెప్పుచున్నవి. సరకులు కొన్న గుత్తదారుని మాటయో? కనుక సర్కారు ఉత్తరువు చేత గాని, ఇంటిలో మరణము చేత గాని విందు ఆగినచో, బిల్లులు చూపిన ఖర్చు పోగా మిగిలిన బయానా ఎన్ని దినములలో తిరిగి యీయవలెనో స్పష్టముగా నుండవలెను. ఒప్పందము తప్పినవాడు లక్ష చెల్లింపవలెనని కోపముతో వ్రాసికొనుట వలన లాభము స్వల్పము. 74వ సెక్షను ప్రకారము అది హద్దు మాత్రమే. న్యాయస్థానము అందులో సమంజసమైనంత వరకే యిప్పించును.

2006వ సంవత్సరపు ఆహార భద్రతా చట్టము క్రింద కేటరింగు వారు రిజిస్ట్రేషను గాని లైసెన్సు గాని పొందియుండవలెను. ఆ నంబరును పత్రమున ఎక్కింపుడు. వంట చెడి జనులు జబ్బుపడిననాడు అది మొదట అడుగబడును.

తగవు పడినచో విందు యజమాని నిజామాబాదులోని జిల్లా వినియోగదారుల కమీషనునకు రెండేండ్లలోపల ఫిర్యాదు చేయవచ్చును. బాకీ రావలసిన గుత్తదారునకు ఆ ద్వారము లేదు. అతడు మూడేండ్లలోపల సివిలు కోర్టులో దావా వేయవలెను. కావున పత్రము విషయమై అతడే ఎక్కువ జాగరూకుడై యుండవలెను.

స్టాంపు కాగితముపై రెండు ప్రతులు వ్రాసి, ఉభయులును ఇద్దరు సాక్షులును ప్రతి పుటయందు సంతకము చేయవలెను. తగిన స్టాంపు లేని పత్రమును జరిమానా చెల్లించువరకు కోర్టులో సాక్ష్యముగా గైకొనరు. విందునాడు విస్తళ్ల లెక్క తేలగానే, ఆ సంఖ్యను రెండు ప్రతుల వెనుక వ్రాసి, గుండిగలు బండికెక్కక మునుపే మరల సంతకములు చేయింపుడు.