నీడపట్టు పెరటిలో ఏ గడ్డి వేయవలెను?

నల్లగొండ, మహబూబునగరు జిల్లాల చల్కనేలలలో గరిక దానంతట నదే మొలచును; గొడ్లు త్రొక్కినను, మేసినను మరల చిగుర్చును. అందుచేతనే పెరటి వేపచెట్టు క్రిందను గరికనే నాటి, అది చచ్చిన పిదప నేల చెడ్డదని పలువురు తలంచుచున్నారు. లోపము నేలది కాదు. గరికకు ఎండయే ప్రాణము. నీడలో పలుచబడి, త్రొక్కుడుకు నశించును.

నీడ నోర్చునది గినీగడ్డి. ఆఫ్రికానుండి వచ్చిన యీ గడ్డి చెట్ల నీడలోను పెరుగును గాని గొడ్ల డెక్కలకు నిలువదు. నీడను, త్రొక్కుడును, పైగా నీటియెద్దడిని గూడ సహించు గడ్డి మనకు లేదు. కావున పెరటిని రెండుగా పంచుకొనవలెను. గొడ్లు నిలుచుచోట గడ్డి యాస మాని మొరము పరచి గట్టిపరచుడు. స్నానపునీరు పారువైపున కంచెగట్టి, పెంట యెరువు వేసి, మృగశిరకార్తె వానలకు గినీపిలకలను 2 అడుగుల యెడముగా నాటుడు. నీరు నిలువరాదు. దట్టమైన చింతనీడలో మాత్రము ఈ శ్రమ వృథా.

రెండు, రెండున్నర నెలలకు మొదటికోత. పిదప నెల, నెలన్నరకొకటి. 4 అంగుళముల మోడు విడిచి కోయుడు. గొడ్లను లోనికి తోలక, కోసియే వేయవలెను. వేసవిలో ఎండుచొప్పతో కలిపి వేసినచో పాడిగేదె చొప్పను గూడ విడువక తినును.