కొద్ది రంగుల క్రమశిక్షణ

డిజిటల్ చిత్రకళకు మూలద్రవ్యం కాంతి. తెర మీది ప్రతి చిత్రమూ పిక్సెళ్లనే అతి చిన్న చుక్కల సముదాయం కాగా, ఒక్కొక్క పిక్సెల్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతులు వేర్వేరు పాళ్లలో కలిసి కంటికి ఒకే రంగుగా తోస్తాయి. ఈ మూడింటిలో ప్రతిదానికీ 256 స్థాయిలను కేటాయించడం నేటి సాధారణ పద్ధతి కాబట్టి, మామూలు కంప్యూటర్ మీద బొమ్మ గీసేవారికి సైతం 1,67,77,216 రంగులు అందుబాటులో ఉంటాయి. ఇంతటి సంపద చేతిలో ఉండి కూడా, అభిరుచి కొద్దీ వీడియో గేములు రూపొందించే ఔత్సాహికుల్లో అనేకులు పదహారు రంగులకో, నాలుగు ఛాయలకో తమను తాము కట్టడి చేసుకుంటున్నారు. పాత గేముల మీది మమకారం ఇందుకు కొంత కారణమైనా, రంగు స్వభావాన్ని నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి సాధన లేదన్నది అసలు కారణం.

తొలితరం రూపకర్తలకు ఈ కట్టడి యంత్రం విధించినది. 1978లో జపాన్‌లో వెలువడిన ‘స్పేస్ ఇన్వేడర్స్’ నలుపు తెలుపు తెర మీద నడిచేది కాబట్టి, తెరపై రంగు సెల్లోఫేన్ పట్టీలు అమర్చి రంగులున్న భ్రమ కల్పించారు. 1981 నాటి ‘డాంకీ కాంగ్’లో మారియో పాత్రను తీర్చిదిద్దిన షిగెరు మియామోటో, అతి కొద్ది పిక్సెళ్లలో నోరు గీయడం సాధ్యం కాక మీసాన్నీ, జుట్టు కదలికను చూపలేక టోపీనీ ఎంచుకుని, ఊగే చేతులు దేహంలో కలిసిపోకుండా దుస్తులకు భిన్నమైన రంగులు ఇచ్చారు. 1983లో వచ్చిన ఫామికామ్ యంత్రంలో ఒక్కొక్క స్ప్రైట్‌కు, అంటే తెర మీద కదిలే చిన్న బొమ్మకు, పారదర్శక భాగాన్ని మినహాయిస్తే మూడు రంగులే దక్కేవి. అదే యంత్రం కోసం 1985లో తయారైన ‘సూపర్ మారియో బ్రదర్స్’లో ఆకాశంలోని మేఘానికీ నేల మీది పొదకూ ఒకే ఆకృతిని వాడి, తెలుపు, ఆకుపచ్చల తేడాతోనే వాటిని రెండు వేర్వేరు వస్తువులుగా నిలిపారు. రంగు అలంకారంగా కాక అర్థంగా పనిచేయడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ దొరకడం కష్టం.

రంగుకు మూడు గుణాలుంటాయి. ఎరుపో నీలమో అని పేరు పెట్టి పిలిచేది వర్ణం, ఆ వర్ణం ఎంత చిక్కగా ఉందో తెలిపేది సాంద్రత, ఎంత వెలుగుగా లేదా చీకటిగా ఉందో తెలిపేది ప్రకాశం. కొత్తగా బొమ్మలు వేసేవారి దృష్టి సాధారణంగా వర్ణం మీదే నిలుస్తుంది గాని, దగ్గరి వస్తువును దూరపు వస్తువు నుంచి, పాత్రను నేపథ్యం నుంచి విడదీసి చూపడంలో సింహభాగం ప్రకాశానిదే. 1989లో వచ్చిన గేమ్ బాయ్ తెర 160 పిక్సెళ్ల వెడల్పు, 144 పిక్సెళ్ల ఎత్తుతో, ఒకే ఆకుపచ్చ జీరలోని నాలుగు ఛాయలను మాత్రమే చూపగలిగినా, వర్ణభేదం లేని ఆ తెర మీద కోట్లాదిమంది ఏ తికమకా లేకుండా ఆడగలిగారంటే అది ప్రకాశభేదాన్ని సరిగా వాడుకోవడం వల్లనే. అందుకే అనుభవజ్ఞులు తమ చిత్రాన్ని మధ్యమధ్య నలుపు తెలుపులోకి మార్చి, ఆకృతులు విడివిడిగా తెలుస్తున్నాయో లేదో పరీక్షించుకుంటారు.

రంగు ఒంటరిగా ఉండదన్నది రెండో పాఠం. పారిస్‌లోని గోబెలిన్ నేతశాలలో అద్దకాలకు అధిపతిగా ఉన్న రసాయన శాస్త్రవేత్త షెవ్రూల్, నల్లదారం వెలవెలబోతోందన్న ఫిర్యాదును పరిశీలించి, లోపం అద్దకంలో కాక పక్కనున్న రంగుల ప్రభావంలో ఉందని గుర్తించి, 1839లో తన సిద్ధాంతాన్ని గ్రంథంగా వెలువరించారు. నారింజ పక్కన బూడిదరంగు నీలిజీరతో, నీలం పక్కన అదే బూడిదరంగు నారింజ జీరతో కనిపించడం ఈ సూత్రం ఫలితమే. పాలెట్, అంటే ఎంచుకున్న రంగుల పట్టిక, చిన్నదైనప్పుడు ఒకే రంగు ఒకచోట నీడగా, మరోచోట గోడగా, ఇంకోచోట వస్త్రంగా పనిచేయవలసి వస్తుంది కాబట్టి, ఇరుగుపొరుగు రంగుల బలాన్ని వాడుకోవడం చిత్రకారునికి తప్పనిసరి అభ్యాసమవుతుంది.

వర్ణచిత్రం ముందు ప్రేక్షకుడు తీరిగ్గా నిలబడగలడు గాని, గేము ఆడేవారు రెప్పపాటులో నిర్ణయం తీసుకోవాలి. 1980 నాటి ‘ప్యాక్-మ్యాన్’లో వెంటాడే భూతాలు ముదురు నీలంగా మారగానే వేటగాళ్లు వేటగా మారారని ఆటగాడికి ఒక్క మాట చెప్పకుండానే తెలిసిపోతుంది. 2018లో వచ్చిన ‘సెలెస్ట్’లో నాయిక జుట్టు ఎర్రగా ఉంటే గాలిలో ఒక్క ఉదుటున దూసుకుపోయే శక్తి మిగిలి ఉన్నట్టు, నీలంగా మారితే ఆ శక్తి ఖర్చయినట్టు. ఈ గేము తొలిరూపాన్ని ఇద్దరు రూపకర్తలు నాలుగు రోజుల్లో, 16 రంగులూ 128 పిక్సెళ్ల చదరపు తెరా మాత్రమే అనుమతించే పికో-8 అనే సాఫ్ట్‌వేర్‌లో తయారుచేశారు; జుట్టు రంగు మారే ఆలోచన ఆనాటి నుంచే ఉంది.

అయితే అందరి కళ్లూ రంగులను ఒకే తీరుగా గ్రహించవు. ఎరుపు, ఆకుపచ్చల గ్రహణానికి సంబంధించిన జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉండడం వల్ల ఆ రెంటినీ వేరుచేయలేని వర్ణాంధత్వం పురుషుల్లోనే ఎక్కువ. ఉత్తర ఐరోపా సంతతి పురుషుల్లో ఇది సుమారు 8 శాతం మందికి ఉంటుంది. కాబట్టి మిత్రునికి ఆకుపచ్చ, శత్రువుకు ఎరుపు అని వదిలేయకుండా ఆకారంలోనూ ప్రకాశంలోనూ తేడా చూపడం రూపకర్త బాధ్యత.

నేర్చుకోదలచినవారు నాలుగు రంగుల పాలెట్‌తో ఒక చిన్న దృశ్యాన్ని పూర్తిచేసి, ఆ తరువాతే ఐదో రంగును, అది లేనిదే చెప్పలేని విషయం ఎదురైనప్పుడు మాత్రమే చేర్చుకోవడం మేలు. అలా ఒక్కొక్క రంగునూ అవసరం కొద్దీ చేర్చుకున్నవారికి, కోటీ అరవై ఏడు లక్షల రంగులు ముందున్నప్పుడు కూడా ఏది ఎందుకు కావాలో తెలిసే వివేకం అలవడుతుంది.